ఎడారి దారులు – 4: ఉప్పుకు బంగారం

తగాజాలో ఇళ్లు ఉప్పుతో కట్టేవారు. గోడలకు ఉప్పు బండలు, పైకప్పుకు ఒంటె తోళ్లు. మసీదు కూడా అంతే. సహారా ఎడారి నడిబొడ్డున, ఇప్పటి మాలి దేశానికి ఉత్తరపు కొసన ఉండేదా ఊరు. చెట్టు లేదు, పైరు లేదు. తాగే నీళ్లు ఉప్పన, ఈగలు లెక్కలేనన్ని. ఉప్పు తవ్వే పని మసూఫా తెగవాళ్ల బానిసలది. వాళ్లు తినే ఖర్జూరం ఉత్తరాన మొరాకో ఒయాసిస్సుల నుంచి రావాలి. గింజలు దక్షిణం నుంచి రావాలి. ఎటువైపు బిడారు ఆలస్యమైనా పస్తే. 1352లో ఇక్కడ పది రోజులు అవస్థపడిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఊరిని తిట్టుకుంటూనే ఒక సంగతి ఒప్పుకున్నాడు: చూడ్డానికి దిక్కుమాలిన పల్లే గాని, ఇక్కడ చేతులు మారే బంగారప్పొడి బారువుల లెక్కన ఉంటుంది.

ఉప్పు రాతిపలకల్లా పొరలు పొరలుగా భూమిలో దొరికేది. ఒక ఒంటె రెండు పలకలు మోసేది. ఆ మోపు ఎడారి దాటి వలాటా చేరితే ఎనిమిది నుంచి పది మిథ్కాళ్ల బంగారం. మిథ్కాల్ అంటే మన లెక్కన నాలుగుంపావు గ్రాములు. అదే మోపు మాలి రాజధానికి వెళితే ఇరవై, ముప్పై, గిరాకీ బాగుంటే నలభై. ఈ ధరలన్నీ బతూతా రాసిపెట్టినవే. ఇంకా దక్షిణానికి వెళ్లేకొద్దీ ఉప్పును ముక్కలు కోసి డబ్బులాగే వాడుకునేవారు. మాడ్చే ఎండలో పనిచేసే మనిషికీ పశువుకీ ఉప్పు లేకపోతే గడవదు. ఆ నేలలో ఉప్పు లేదు. ఉన్నదల్లా సెనెగల్, నైజర్ నదుల ఎగువన బంబుక్, బూరే ప్రాంతాల మట్టిలో కలిసిన బంగారం. గుంటలు తవ్వి, మట్టిని నీళ్లలో కడిగి, రవ్వరవ్వగా ఏరుకునేవారు.

ఇప్పుడు అసలు సంగతి. ఘనా, మాలి, సోంఘాయ్ అని మూడు మహాసామ్రాజ్యాలు ఈ ఉప్పుకూ ఆ బంగారానికీ మధ్య ఒకదాని తర్వాత ఒకటి లేచాయి, పడిపోయాయి. మూడింటికీ బంగారం పేరే గాని, ఆ బంగారాన్ని తవ్వినవాళ్లు ఎన్నడూ వాటికి పూర్తిగా లొంగలేదు. ఆ సామ్రాజ్యాల చేతిలో ఉన్నది దారి. దారి మీద ఊళ్లు, రేవులు, సుంకాలు. గని వేరు, గనికి వెళ్లే దారి వేరు. ఈ తేడా తెలిసిన రాజులు బాగుపడ్డారు. తెలియని ఒక సుల్తాను ఎంత నష్టపోయాడో ఈ వారం కథ చివర్లో చూస్తారు.

గత వారం ఘనా గురించి చెప్పుకున్నాం. కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. సోనింకే రాజులు, రాజధాని కుంబీ సాలే. 1068లో స్పెయిన్‌లోని కార్డోబాలో కూర్చుని అల్ బక్రీ రాసిన ప్రకారం, గాడిద మోపు ఉప్పు రాజ్యంలోకి వస్తే రాజుకు ఒక దీనారు, బయటికి పోతే రెండు. బంగారపు గడ్డలు దొరికితే రాజువి, పొడి జనానిది. గడ్డలు కూడా జనానికే వదిలేస్తే బంగారం విలువ పడిపోతుందని రాజు భయం. సరఫరాను చేతిలో పెట్టుకుని ధర నిలబెట్టడం అన్నమాట. ఈ బక్రీ స్పెయిన్ దాటి ఎన్నడూ వెళ్లలేదు. బిడారు వర్తకులను అడిగి రాసుకున్నాడు. అయినా పన్నుల విషయంలో వర్తకుడి మాట నమ్మొచ్చు, కట్టేది వాడేగా.

ఘనా బలహీనపడ్డాక సోస్సో రాజు సుమంగురు విజృంభించాడు. అతణ్ణి 1235 ప్రాంతంలో కిరినా యుద్ధంలో ఓడించి మాలి సామ్రాజ్యానికి పునాది వేసినవాడు సుందియాటా కేయిటా. చిన్నప్పుడు కాళ్లు రాని కుర్రాడని, తర్వాత లేచి నడిచాడని పశ్చిమాఫ్రికా వంశగాయకులు ఇప్పటికీ పాడతారు. ఆ గాథ వేరే వ్యాసానికి సరిపడా ఉంది, ఇక్కడ ఆగను. మన కథకు కావలసిందొక్కటే: సుందియాటా వారసుల నాటికి బూరే, బంబుక్‌ల నుంచి ఎడారి అంచున వలాటా, టింబక్టు, గావో దాకా ఉన్న దారులన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకున్నాడు. కాకతీయుల కథ అక్కడ ముగిసింది. సరిగ్గా ఆ మరుసటేడు, 1324లో, మాలి చక్రవర్తి మాన్సా మూసా మక్కా యాత్రకు వెళుతూ కైరోలో దిగాడు. ఈ రెండు సంఘటనలకూ సంబంధమేమీ లేదు, కాలం గుర్తుంటుందని చెబుతున్నాను. కాకపోతే ఆ ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తానై, ఇబ్న్ బతూతాకు ఢిల్లీలో ఖాజీ ఉద్యోగం ఇచ్చాడు. ఓరుగల్లును కూల్చినవాడి జీతం తిన్న మనిషే, ఆ తర్వాత మాలి వెళ్లి మూసా తమ్ముడి కొలువును కళ్లారా చూసి రాశాడు.

మూసా యాత్ర గురించి ఇప్పుడు చెప్పేవన్నీ నమ్మకండి. ముందు 500 మంది బానిసలు బంగారు కర్రలు పట్టుకుని నడిచారట, వెంట 60,000 మంది ఉన్నారట. ఇవి సుమారు మూడు శతాబ్దాల తర్వాత టింబక్టులో రాసిన అంకెలు. సహారా బావుల్లో 60,000 మందికి నీళ్లు ఎవరు తోడిపెట్టారో ఆ రాసినవారు చెప్పలేదు. ప్రపంచ చరిత్రలోకెల్లా ధనవంతుడంటూ డాలర్లలో లెక్కగట్టి తిప్పే జాబితాలు ఇంకా అధ్వానం. రాజు ఖజానాకూ దేశం ఆస్తికీ మధ్య గీతే లేని కాలం అది. ఆ లెక్క ఎవడు వేయగలడు?

మనకున్న మంచి ఆధారం అల్ ఉమరీ. మూసా వచ్చివెళ్లిన పన్నెండేళ్ల తర్వాత కైరోలో ఊరంతా విచారించి రాశాడు. మూసాకు ఎదురేగి స్వాగతం చెప్పిన అధికారినే అడిగి తెలుసుకున్నాడు. ఆ అధికారి చెప్పిన ప్రకారం, సుల్తాను అల్ నాసిర్ ముందు నేలను ముద్దాడమంటే మూసా మొదట ససేమిరా అన్నాడు. పక్కవాడెవరో చెవిలో ఏదో చెప్పాక, నన్ను పుట్టించిన దేవుడికి మొక్కుతున్నాను అని సాష్టాంగపడ్డాడు. మర్యాదా దక్కింది, మాటా దక్కింది. ఇక దానాలు. సుల్తాను కొలువులో అతని చేతి బంగారం అందనివాడు లేడు. బజారువాళ్లు ఊరుకుంటారా? దీనారు విలువ చేయని చొక్కాను అయిదు దీనార్లకు అంటగట్టారు. అడిగినంతా ఇచ్చే అమాయకులు వీళ్లు అనుకున్నారు. తర్వాత మోసం తెలిసిపోయి, మాలివాళ్లు ఈజిప్టువాళ్ల పేరెత్తితేనే మండిపడేవారని అల్ ఉమరీ రాశాడు. నాకు ఇది బంగారు కర్రల కంటే విలువైన సమాచారం.

బంగారం ధర పడిపోయిన మాట నిజం. మూసా రాక ముందు మిథ్కాల్‌కు 25 వెండి దిర్హాములకు తగ్గేది కాదు. అతను వెళ్లాక 22 దాటలేదు. పన్నెండేళ్లయినా అదే పరిస్థితి. అంటే తగ్గింది ఎనిమిదో వంతు. గట్టి దెబ్బే. కానీ మూసా ఈజిప్టును దివాలా తీయించాడని ఊదరగొట్టేవాళ్లు ఈ 25నీ 22నీ పక్కపక్కన పెట్టి చూస్తే మంచిది.

మక్కా నుంచి తిరిగొచ్చేసరికి చక్రవర్తి చేతిలో చిల్లిగవ్వ లేదు. కైరో వర్తకుల దగ్గర అప్పు చేశాడు, వడ్డీ మామూలుది కాదు. అప్పిచ్చినవారిలో అలెగ్జాండ్రియాకు చెందిన సిరాజుద్దీన్ ఇబ్న్ అల్ కువైక్ అనే పెద్ద షావుకారు ఉన్నాడు. ఈ అప్పు సంగతే మాలి సామ్రాజ్యం ఎలా నడిచిందో చెబుతుందని నా నమ్మకం, అందుకని కాస్త వివరంగా చెబుతాను. వసూలుకు షావుకారు ఒక గుమస్తాను మాలి పంపాడు. వాడు అక్కడే ఉండిపోయాడు. ఇక లాభం లేదని షావుకారే కొడుకును వెంటబెట్టుకుని ఎడారి దాటాడు. టింబక్టు చేరిన రోజు అబూ ఇస్‌హాక్ అల్ సాహిలీ ఇంట్లో విందు. ఈ సాహిలీ గ్రనడా నుంచి వచ్చిన కవి, కట్టడాలు తెలిసినవాడు, మూసా కొలువులో మనిషి. ఆ రాత్రే షావుకారు చనిపోయాడు.

జనం గుసగుసలు మొదలుపెట్టారు. బాకీ ఉన్న రాజు, రాజుగారి మనిషి ఇంట్లో భోజనం, తెల్లారేసరికి శవం. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కొడుకు మాత్రం ఒప్పుకోలేదు. అదే కంచంలో నేనూ తిన్నాను, విషమైతే నేనూ పోయేవాణ్ణి, నాన్నకు ఆయువు తీరింది అన్నాడు. అని ఊరుకోలేదు. మాలి రాజధానికి వెళ్లి, తండ్రికి రావలసిన సొమ్ము వసూలు చేసుకుని, ఈజిప్టు తిరిగి వెళ్లాడు. బతూతా టింబక్టులో ఆ షావుకారు సమాధినీ, సాహిలీ సమాధినీ చూశాడు.

నెలల తరబడి ప్రయాణం. మధ్యలో నీళ్లులేని ఎడారి. అవతల దండయాత్ర చేయడానికి కూడా వీలుకానంత దూరాన ఉన్న రాజు. తండ్రి పోయిన కుర్రాడికి బాకీ ఎగ్గొట్టినా అడిగే దిక్కు లేదు. అయినా తీర్చాడు. ఈ దారిన వచ్చేవాడి సొమ్ము పోదు అన్న పేరే మాలికి అసలు పెట్టుబడి. బతూతా కూడా ఇదే చెప్పాడు: ఈ దేశంలో ప్రయాణికుడికి దొంగల భయం లేదు, పరాయిదేశపు మనిషి చనిపోతే అతని ఆస్తిని రాజు ముట్టుకోడు, హక్కుదారు వచ్చేదాకా నమ్మకస్తుడి దగ్గర ఉంచుతారు.

మరి బంగారం తవ్వేవాళ్లు? వాళ్ల గురించి మూసా కైరోలో చెప్పిన మాట అల్ ఉమరీ రాసిపెట్టాడు. బంగారం ఉన్న ఊళ్లను ఏ రాజైనా జయించి ఇస్లాం స్థాపించి బాంగు వినిపించడం మొదలుపెడితే, అక్కడ బంగారం తగ్గిపోయి చివరికి మాయమవుతుందట. పక్కన అన్యమతస్థుల ఊళ్లలో మాత్రం పెరుగుతుందట. రెండు మూడుసార్లు దెబ్బతిన్నాక మాలి రాజులు వాళ్ల జోలికి పోకుండా కప్పం తీసుకుని ఊరుకున్నారు. ఇందులో మాయేమీ లేదు. బలవంతం చేస్తే తవ్వేవాడు గుంట పూడ్చి పక్క లోయకు పోతాడు, అంతే. అంత గొప్ప ముస్లిం చక్రవర్తి, మక్కా యాత్రికుడు, తన పొలిమేరలో విగ్రహారాధకులను వాళ్ల మానాన వదిలేశాడంటే, అది మతసహనం కంటే లెక్క తెలిసినతనం.

మూసా తర్వాత అతని తమ్ముడు సులేమాన్ కాలంలో బతూతా మాలి వెళ్లాడు. రాజుగారి దగ్గర నుంచి కానుక వస్తోందని చెబితే పట్టుబట్టలూ డబ్బూ అనుకుని లేచి నిలబడ్డాడు. తీరా చూస్తే మూడు రొట్టెలు, వేయించిన గొడ్డుమాంసం ముక్క, సొరబుర్రలో పులిసిన పాలు. పడీపడీ నవ్వానని రాశాడు. ఢిల్లీలో తుగ్లక్ ఇచ్చిన వేల దీనార్లకు అలవాటుపడిన ప్రాణం మరి. సులేమాన్ పిసినారి అని తేల్చేశాడు. అన్న చేసిన అప్పులు చూసిన తమ్ముడు పొదుపు నేర్చుకున్నాడని ఆయనకు తోచలేదు.

వలాటాలో ఆస్తి కొడుక్కి కాకుండా మేనల్లుడికి వెళ్లడం చూసి ఆశ్చర్యపోయిన బతూతా, ఇలాంటిది మన దేశపు మలబారులో తప్ప ఎక్కడా చూడలేదని రాశాడు. మన వైపుతో ఇంకో ముడి గవ్వలది. మాల్దీవుల్లో ఖాజీగా పనిచేసినప్పుడు ఆయన చూసిన ధర, బంగారు దీనారుకు 4,00,000 గవ్వలు, ఒక్కోసారి పన్నెండు లక్షలు కూడా. అవే గవ్వలు మాలిలోనూ గావోలోనూ చెలామణీ అవుతున్నాయి, దీనారుకు 1,150 చొప్పున. సుమారు 350 రెట్లు తేడా. హిందూ మహాసముద్రపు గవ్వ ఈజిప్టు మీదుగా ఎడారి దాటి నైజర్ ఒడ్డున సంతలో చిల్లరగా మారింది.

తిరుగు ప్రయాణంలో బతూతా తకెద్దా అనే ఊరి నుంచి కలిసిన బిడారులో 600 మంది బానిస స్త్రీలు ఉన్నారు. ఆయన ఒక్క వాక్యంలో రాసి ముందుకు పోయాడు. ఈ సామ్రాజ్యాల వైభవం రాసేవాళ్లు కూడా తరచు అలాగే చేస్తారు. ఉత్తరానికి వెళ్లినవి బంగారం, కోలా కాయలు మాత్రమే కాదు. మనుషులు కూడా సరుకే. తగాజాలో ఉప్పు తవ్వినవాళ్లూ వాళ్లే, గుర్రాలకు మారకంగా వెళ్లినవాళ్లూ వాళ్లే.

సులేమాన్ పోయాక వారసుల తగాదాలు ముదిరాయి. 1433 ప్రాంతంలో టువారెగ్ తెగలు టింబక్టును లాక్కున్నాయి. మాలి పడమటికి ముడుచుకుపోయింది. ఆ ఖాళీలోకి గావో కేంద్రంగా సోంఘాయ్ వచ్చింది. సున్నీ అలీ 1464లో గద్దెనెక్కి, 1468లో టింబక్టునూ ఆ తర్వాత జెన్నెనూ పట్టుకున్నాడు. నైజర్ మీద అతని బలం పడవలు. జెన్నె ముట్టడి ఏడేళ్ల ఏడు నెలల ఏడు రోజులు సాగిందని టింబక్టు చరిత్రకారుడు అల్ సాదీ రాశాడు. అంకె చూస్తేనే కథ అని తెలిసిపోతోంది. ఇదే సాదీ సున్నీ అలీని రాక్షసుడిగా చిత్రించాడు. అలీ టింబక్టు పండితులను తరిమాడు, చంపాడు. చరిత్ర రాసింది ఆ పండితుల వర్గం. రెండూ నిజమే, రెండూ కలిపి చదవాలి.

జెన్నె, టింబక్టు ఒకటి లేక ఒకటి బతకలేని ఊళ్లు. టింబక్టులో గింజ పండదు. జెన్నె నుంచి ధాన్యం పడవల్లో నైజర్ మీద దిగివచ్చేది, ఉప్పు పలకలు అవే పడవల్లో ఎగువకు వెళ్లేవి. ఒంటె నదిని కలిసే చోటు టింబక్టు. జెన్నె వల్లనే టింబక్టుకు నలుమూలల నుంచి బిడార్లు వస్తున్నాయని సాదీ తేల్చి చెప్పాడు. ఈ రెంటినీ, వాటితోపాటు తగాజా గనినీ తన చేతిలో పెట్టుకున్నవాడు 1493లో గద్దెనెక్కిన అస్కియా ముహమ్మద్. అతను సేనానాయకుడు, సున్నీ అలీ కొడుకును తోసేసి రాజయ్యాడు. మక్కా వెళ్లొచ్చాడు, పండితులను చేరదీశాడు. ఆ కాలపు టింబక్టులో అన్ని సరుకుల కంటే రాతప్రతుల మీదే లాభం ఎక్కువని యాత్రికుడు లియో ఆఫ్రికానస్ రాశాడు. ముసలితనంలో కళ్లు కనపడని అస్కియాను కొడుకే 1528లో దింపేశాడు. అక్కడి నుంచి అన్నదమ్ముల కత్తులు ఒరలో నిలవలేదు.

ఉత్తరాన మొరాకో సుల్తానుల కన్ను తగాజా మీద పడింది. మొదట గని మాదన్నారు. సమాధానంగా అస్కియా మొదటి ఇస్‌హాక్ 2,000 మంది టువారెగ్ రౌతులను పంపి మొరాకో దక్షిణపు సంతలను కొల్లగొట్టించాడు. 1578లో పోర్చుగీసు సేనను చిత్తు చేసి, ఆ యుద్ధంలో అన్న చనిపోగా, అహ్మద్ అల్ మన్సూర్ సుల్తానయ్యాడు. అతను తగాజా ఉప్పు మీద మోపుకొక మిథ్కాల్ పన్ను కట్టాలన్నాడు. తర్వాత సేనను పంపి ఊరినే పట్టుకున్నాడు. అప్పుడేమైంది? సోంఘాయ్ రాజులు తమ వర్తకులను తగాజా వెళ్లొద్దన్నారు. దక్షిణాన తావుదెన్నిలో కొత్త గని తెరుచుకుంది. సుల్తాను చేతిలో మిగిలింది ఉప్పు ఇళ్లు, ఈగలు. గని దొరికింది, దారి దొరకలేదు.

అయినా అల్ మన్సూర్‌కు పాఠం తలకెక్కలేదు. దారి మొత్తాన్నీ కొట్టేస్తే బంగారం తనదే అనుకున్నాడు. 1590 శరత్తులో మరాకేష్ నుంచి జూదర్ పాషా నాయకత్వంలో సుమారు 4,000 మంది సైనికులు బయలుదేరారు. జూదర్ పుట్టింది స్పెయిన్‌లో, చిన్నప్పుడే బందీగా వచ్చి మొరాకో కొలువులో పెరిగాడు. అతని తుపాకీదళంలో సగంపైగా అలాంటివాళ్లే. నాలుగు నెలలకు పైగా ఎడారిలో నడిచి, కొందరు దారిలోనే రాలిపోగా, నైజర్ ఒడ్డుకు చేరారు. 1591 మార్చిలో గావోకు దగ్గర్లో తోందిబి అనే చోట సోంఘాయ్ సైన్యం ఎదురైంది. 12,500 మంది రౌతులు, 30,000 కాల్బలమని సాదీ లెక్క. కొంత తగ్గించుకున్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

సోంఘాయ్ వాళ్లు ఆవులమందను ముందుకు తోలారు, శత్రుపంక్తి చెదిరిపోతుందని. తుపాకుల మోతకు బెదిరిన మంద వెనక్కి తిరిగి తోలినవాళ్లనే తొక్కింది. చూస్తుండగానే సైన్యం విరిగిపోయింది. కాల్బలంలో కొందరు మాత్రం పారిపోలేదు. డాలు నేల మీద పరిచి, దాని మీద మఠం వేసుకుని కూర్చున్నారు. మొరాకో సైనికులు వచ్చి కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే నరికారు.

తుపాకులే సోంఘాయ్‌ను కూల్చాయని చెప్పడం తేలిక. నేనొప్పుకోను. మూడేళ్ల ముందు, 1588లో, పడమటి రాష్ట్రాలన్నీ బలామా సాదిక్ అనే అధికారి వెంట తిరగబడి గావో మీదికి దండెత్తాయి. టింబక్టు కూడా అతనికే జై కొట్టింది. అస్కియా రెండో ఇస్‌హాక్ ఆ తిరుగుబాటును అణచి, పడమటి నాయకత్వాన్ని ఏరిపారేశాడు. తోందిబిలో నిలబడింది సగం రాజ్యమే. పోర్చుగీసువాళ్లు సముద్రం మీద బంగారాన్ని మళ్లించడం వల్ల ఎడారి సామ్రాజ్యాలు ఎండిపోయాయన్నది ఇంకో పాఠ్యపుస్తకపు మాట. పోర్చుగీసు వాళ్లు గినియా తీరంలో ఎల్మినా కోట కట్టింది 1482లో. సోంఘాయ్ వెలుగు వెలిగింది ఆ తర్వాతి నూరేళ్లు. సముద్రం కొంత బంగారాన్ని లాగింది, నిజమే. కానీ ప్రాణం తీసింది ఇంటి కలహం. తుపాకీ పడబోయే గోడను తోసింది.

జూదర్ గావో చేరి నిర్ఘాంతపోయాడు. కలలుగన్న బంగారు నగరం ఎక్కడ? మరాకేష్‌లో గాడిదలవాళ్ల పెద్ద ఉండే ఇల్లు ఈ అస్కియా మేడ కంటే బాగుంటుందని సుల్తానుకు కబురు పెట్టాడు. ఇస్‌హాక్ 1,00,000 మిథ్కాళ్ల బంగారం, వెయ్యి మంది బానిసలు ఇస్తాను, వెళ్లిపొమ్మన్నాడు. జూదర్‌కు ఇది మంచి బేరమే అనిపించింది. సుల్తానుకు ఒళ్లు మండింది. జూదర్‌ను తీసేసి మహమూద్ పాషాను పంపాడు.

మహమూద్ పని మొదలుపెట్టింది టింబక్టులో. 1593లో పండితులను సాంకోరే మసీదుకు పిలిపించి బంధించాడు. ఇళ్లు దోచుకున్నారు. సంకెళ్లతో మరాకేష్‌కు నడిచినవారిలో అహ్మద్ బాబా ఒకడు, ఆ కాలంలో పశ్చిమాఫ్రికాలో అంతటి న్యాయశాస్త్రవేత్త లేడు. తన దగ్గర 1,600 పుస్తకాలు పోయాయని, తన బంధువులందరిలో తనదే చిన్న గ్రంథాలయమని సుల్తాను ముఖానే అన్నాడు. 1608లో గానీ ఇల్లు చేరలేదు. పుస్తకాల నష్టం గురించి మనం బాధపడతాం, సహజం. వర్తకులకు తగిలిన దెబ్బ ఇంకోటి ఉంది. ఈ పండితులే ఖాజీలు. ఒప్పందాలు రాసిందీ, బాకీల తగాదాలు తీర్చిందీ, చనిపోయినవాడి సొమ్ము భద్రంగా ఉంచిందీ వాళ్లే. కువైక్ కొడుకు మాలి నుంచి సొమ్ముతో తిరిగి వెళ్లగలిగిన వ్యవస్థ వీళ్లది. దాన్ని సంకెళ్లు వేసి ఎడారి దాటించాక ఆ దారిన అప్పు ఎవడిస్తాడు?

బంగారం మొదట్లో వచ్చింది. 1594లో ముప్పై కంచరగాడిదల మీద బంగారం మరాకేష్ చేరడం ఒక ఇంగ్లీషు వర్తకుడు చూశాడు. జనం అల్ మన్సూర్‌ను అల్ దహబీ అన్నారు, బంగారు సుల్తాను అని. అదంతా ఎక్కువభాగం దోపిడీ, పాత నిల్వలు. తవ్వే ప్రాంతాలు మొరాకో సేనకు చిక్కలేదు. దక్షిణాన అడవుల్లో రోగాలు, తెగల ప్రతిఘటన, చీకటిపడితే దాడులు. ఎడారి దాటించి పంపిన సైనికులు వేలమంది తిరిగి రాలేదు. 1603లో అల్ మన్సూర్ ప్లేగుతో పోయాడు, కొడుకులు కొట్టుకున్నారు. 1618 నాటికి మొరాకో ఈ వ్యవహారం నుంచి చేతులు దులుపుకుంది. టింబక్టులో మిగిలిపోయిన తుపాకీ సైనికుల సంతతిని అర్మాలు అంటారు. పాషాలను వాళ్లే ఎన్నుకున్నారు, వాళ్లే దించారు.

ఘనా రాజు గాడిద మోపుకు ఒకటీ రెండూ దీనార్లు తీసుకుని తృప్తిపడ్డాడు. మూసా కప్పంతో సరిపెట్టుకున్నాడు. అల్ మన్సూర్ మొత్తం కావాలన్నాడు, మొత్తం పాడుచేశాడు. మూడు సామ్రాజ్యాలను నిలబెట్టిన దారి మీద ఆ తర్వాత నాలుగో సామ్రాజ్యం ఏదీ ఆ స్థాయిలో లేవలేదు.

వచ్చే వారం తూర్పు తీరానికి వెళదాం. ఇప్పటి టాంజానియాలోని కిల్వా దీవిని బతూతా 1331లో చూశాడు. అక్కడ ఒంటెలు లేవు, రుతుపవనాలు ఉన్నాయి. జింబాబ్వే బంగారానికి గుజరాత్ బట్ట ఎలా మారకమైందో, 1505లో పోర్చుగీసు ఫిరంగులు వచ్చి ఏం చేశాయో అప్పుడు చెబుతాను.

(సశేషం)